పక్క బ్రేకు ముట్టని జహెదా ఆపా

కాలిన క్లచ్ ప్లేటు వాసన తెలియనివాళ్లు అదృష్టవంతులు. అది ముక్కులోంచి నేరుగా నుదుటికెక్కి, ఇంటికెళ్లి స్నానం చేసేదాకా వదలదు. మొన్న తెల్లాపూర్ వంతెన ఎక్కుతుండగా ఆ వాసన కారంతా నిండిపోయింది. స్టీరింగ్ ముందున్నది అక్కడి కొత్త అపార్టుమెంట్లలో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి. ఎత్తు మీద బండి ఆగింది. వెనక్కి జారుతుందన్న భయంతో క్లచ్ సగం, యాక్సిలరేటర్ నిండా తొక్కి పట్టుకుంది. వెనక హారన్లు మోగిపోతున్నాయి. ఆమె చూపు మాత్రం రోడ్డు మీద లేదు, నా కాళ్ల మీద ఉంది. డ్రైవింగ్ స్కూలు కార్లలో ఎడమ సీటు ముందు కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి, నేర్పేవాళ్ల కోసం. "మేడమ్, మీరు తొక్కండి ప్లీజ్" అంది. "నేను తొక్కితే వంతెన నేనెక్కినట్టు. ముందు హ్యాండ్ బ్రేకు లాగు" అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక ఆటో అతను తల బయటికి పెట్టి ఏదో కూశాడు. నేను అద్దం దించి, "ఎక్కేదాకా ఎక్కదు. తొందరుంటే దాటుకుని పో" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఇలా మాట్లాడటం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, పటాన్‌చెరులో డ్రైవింగ్ స్కూలు నడిపిన జహెదా ఆపా దగ్గర అంటుకుంది.

ఆమె అసలు పేరు జహెదా బేగం. చిన్నా పెద్దా అందరికీ ఆపా, అంటే అక్క. హైవే నుంచి లోపలికి తిరిగే సందులో, టైర్ల పంక్చరు దుకాణానికీ చికెన్ సెంటరుకూ నడుమ, ఒక ఒంటి గది మడిగలో ఉండేది స్కూలు. బుర్ఖా మీద సీటు బెల్టు బిగించుకుని, బుగ్గన వక్కపలుకు పెట్టుకుని, లారీ డ్రైవర్లతో మూడు భాషల్లో తగువు పెట్టుకునేది. తెలుగులో మొదలుపెట్టి, ఉర్దూలో వేడెక్కి, ఎదుటివాడు బీహారువాడని తెలిస్తే ఫ్యాక్టరీ హిందీలో ముగించేది. ఆమెను దేవతను చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. నోరు మంచిది కాదు, కోపం వస్తే వారం రోజులు మాట్లాడేది కాదు, తప్పు తనదని తెలిసినా ఒప్పుకోవడానికి చుట్టూ పది మాటలు తిప్పేది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ మాట పుట్టించినవాళ్లు ఆపాను చూసి ఉంటే మొండిది అని రాసి ఉండేవారు.

నేను ఆమె దగ్గరికి ఉద్యోగం కోసం వెళ్లాను. మా నాన్నగారు తెనాలి వైపు నుంచి ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో పనికి వచ్చి స్థిరపడ్డారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ క్వార్టర్స్‌లోనే. పెళ్లి కుదరక కాదు, కుదిరింది నాకు కుదరక పుట్టింటికి తిరిగి వచ్చినదాన్ని. కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్‌లో పనిచేస్తుంటే ఆ సెక్షనే ఎత్తేశారు. గోరుచుట్టు మీద రోకలిపోటు. డ్రైవింగ్ స్కూల్లో ఫోన్లెత్తడానికి మనిషి కావాలేమోనని అడగబోయాను.

"ఫోన్లెత్తెటందుకు నాకు నోరు లేదా? నేనే ఎత్తుత" అంది ఆపా, నన్ను పైనుంచి కిందికి చూసి. "నీకు బండి వస్తదా?"

"వచ్చండి. లైసెన్సు తీసుకుని ఆరేడేళ్లవుతోంది. నాన్నగారికి దూరపు చూపు తగ్గాక ఆయన కారు నేనే..."

"అండి గిండి గాడ పక్కకు పెట్టు. తాళం పట్టు."

ఆ రోజు మధ్యాహ్నం హైవే మీద లారీలూ కంపెనీ బస్సులూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. ఆపా ఎడమ సీట్లోకి ఎక్కి, చెప్పులు విప్పి, రెండు కాళ్లూ సీటు మీదికి మడుచుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముందున్న పక్క బ్రేకు వైపు చూడను కూడా చూడలేదు. అంగడి దగ్గర ఒక టమాటా బండి అడ్డం వస్తే నేను ఆపా కాళ్ల వైపు చూశాను. ఆపా వక్క నములుతూ, "నీ కాలున్నది గద, దానికి చెప్పు" అంది. బండి ఆపింది నేనే. తిరిగొచ్చాక తాళం తీసుకుంటూ, "రేపటి సంది రా" అంది. ఏ పనికో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఏ పనికో తెలియడానికి ముందు, ఆ కాళ్ల మడత ఎందుకో తెలిసింది. ఒక ఉదయం రామచంద్రాపురం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. వేరే స్కూల్లో నేర్చుకుని లైసెన్సు కూడా తీసుకున్నాడు. కొత్త కారు ఇంటికి తెచ్చిన రోజునే సొంత గేటును గుద్దాడు. "స్కూల్లో ఉన్నన్నాళ్లూ బ్రహ్మాండంగా నడిపానమ్మా. మా మాస్టరు కూడా మెచ్చుకున్నాడు. ఇంటికి రాగానే ఏమైందో తెలియడం లేదు" అన్నాడు పాపం. ఆపా పకపకా నవ్వింది. "నువ్వు నడపలే సార్. నువ్వు స్టీరింగ్ పట్టుకున్నవ్, కాళ్లు మాస్టర్‌వి. ఆయన కాళ్లు ఆయనింటికి పోయినయ్. ఇగ నీ బండి ఎవరాపుతరు?" అంది. ఆయన మొహం చిన్నబోయింది. కానీ మర్నాడే వచ్చి చేరాడు.

మా వైపు స్కూళ్లలో జరిగేది ఇదే. రోడ్డు నిండా లోడు బళ్లు, షిఫ్టు వదిలిన జనం, మాస్టరుకు ఇంకో నలుగురిని తిప్పే తొందర. అందుకని అతను ఎడమ సీట్లో కూర్చుని క్లచ్చూ బ్రేకూ తనే తొక్కేస్తాడు. నేర్చుకునేవాళ్లు స్టీరింగ్ తిప్పుతూ, అబ్బ, ఎంత బాగా నడుపుతున్నామో అనుకుంటారు. అది ఆపాకు ఒళ్లుమంట. తన స్కూల్లో నేర్పేవాళ్లెవరైనా కాళ్లు సీటు మీద పెట్టుకోవాల్సిందే, నోటితోనే నేర్పాల్సిందే. "బండికి రెండు బ్రేకులున్నయంటే, నేర్చుకునేటోనికి ఒక్కటి గూడ లేనట్టే" అనేది.

నేను చేరిన కొన్నాళ్లకే అసలు చిక్కు బయటపడింది. ఆపా భర్త ఇబ్రహీం సాబ్ ఆ స్కూలు పెట్టినాయన. నేను వచ్చేసరికే పోయారు. రవాణా ఆఫీసు లెక్కలో ఆ స్కూలుకు అర్హత ఉన్న శిక్షకుడు ఆయనొక్కడే. డ్రైవింగ్ నేర్పాలంటే నడపడం వస్తే చాలదు. పదో తరగతి పాసై ఉండాలి, అయిదేళ్లు నడిపిన అనుభవం ఉండాలి, మోటారు మెకానిక్ సర్టిఫికెట్ ఉండాలి. మా సంగారెడ్డి ఆఫీసులో ఆ పైన ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చోబెట్టుకుని పరీక్షించేవారు. ఆపా చదువు ఏడో తరగతితో ఆగింది. అప్పటికి ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నా, ఆమె పేరు బోర్డు మీదికి ఎక్కదు. స్కూలు లైసెన్సు గడువు దగ్గరకొచ్చింది. ఈలోగా అర్హత ఉన్న మనిషిని చూపించకపోతే మడిగకు తాళం వేసుకోవాల్సిందేనని ఆఫీసువాళ్లు చెప్పేశారు. ఊళ్లో ఒకరిద్దరు మాస్టర్లు వచ్చి, "ఆపా, నా సర్టిఫికెట్ పెట్టుకో. పేరు నాది, పని నీది. నేనిటు రాను గూడ రాను" అన్నారు. అందరూ చేసే పనే. ఆపా వాళ్లకు చాయ్ తాగించి మరీ పంపేసింది.

వాళ్లు వెళ్లాక నా వైపు తిరిగింది. "నువ్వు డిగ్రీ చదివినవ్. లైసెన్స్ ఉన్నది. మెకానిక్ పరీక్ష రాయి. ఆఫీసుల పరీక్ష నేను నేర్పిస్త."

"నేనా? నాకు స్టెపినీ మార్చడం కూడా రాదాపా."

"రాదు కాబట్టే నేర్చుకొమ్మంటున్న. వచ్చినోళ్లకు నేర్పుడేంది?"

ఇంట్లో అమ్మ నెత్తి కొట్టుకుంది. "చదివించింది గ్రీసు గోళ్లతో అన్నం తినడానికా? నలుగురూ ఏమనుకుంటారే?" అంది. నాన్నగారు మాత్రం పేపరు చాటునుంచి, "నలుగురికీ కారు నడపడం వస్తే అనుకోమను" అన్నారు. ఆ ఒక్క మాట నాకు చాలా దూరం పనికొచ్చింది.

సంగారెడ్డిలో ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో చేరాను. తరగతి మొత్తానికి ఆడదాన్ని నేనొక్కదాన్నే. కుర్రాళ్లు మొదట జాలిపడ్డారు, తర్వాత ఆటపట్టించారు, చివరికి నా నోట్సు అడుక్కున్నారు. చేత్తో చేసే పని నేర్పడానికి ఆపా నన్ను ఇస్నాపూర్‌లో యాదగిరి మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లింది. యాదగిరి నా చీర చూసి, "అమ్మగారికి నూనె అంటుతది. జెర దూరం నిలబడుండ్రి, నేను చూపెడుత" అన్నాడు. "చూసెటందుకు రాలే గామె. చీర ఉతుకుతే పోతది, నువ్వు పానా ఇయ్యి" అని అతని చేతిలో పానా లాక్కుని నాకిచ్చింది ఆపా. మర్నాటి నుంచి నేను పాత చుడీదార్లు వేసుకుని వెళ్లాను. క్లచ్ ప్లేటు ఎలా అరుగుతుందో, కాలు ఊరికే పెడల్ మీద ఆనించి ఉంచితే ఎందుకు కాలుతుందో, నా చేతులతో విప్పి చూశాకే అర్థమైంది.

పరీక్ష రోజున రాతపని సులువుగానే అయిపోయింది. చేతిపనిలో నాకు వచ్చింది, వెనక చక్రం విప్పి లోపలి బ్రేకు షూలు చూపించడం. నాలుగు నట్లలో మూడు వచ్చాయి. నాలుగోది ఎన్ని ఏళ్ల తుప్పో, కదలదు. చేతులు ఎర్రబడ్డాయి. పరీక్షించే ఆయన చెడ్డవాడేమీ కాదు. గడియారం చూసుకుని, "ఎవరైనా అబ్బాయిని పిలుచుకోమ్మా, తప్పేం లేదు" అన్నాడు. వెనక ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకు నాకు కాలిన చోట ఉప్పు పడ్డట్టయింది. "అక్కర్లేదు సార్" అని, చెప్పులు విప్పి, పానా పిడి మీదికెక్కి రెండు కాళ్లతో నిలబడి ఒక్క ఊపు ఊగాను. నట్టు కిర్రుమంది. ఇంకో ఊపుకు తిరిగింది. కిందికి దిగి చక్రమూ దాని వెనక బ్రేకు డ్రమ్మూ లాగి, బ్రేకు షూలు చూపించి, ఎంత అరిగాయో చెప్పాను. బయట కారులో కూర్చున్న ఆపాకు ఇది చెబితే, పాసయ్యావా అని కూడా అడగలేదు. "నవ్వినోడు మొఖం ఎట్ల పెట్టిండు?" అని మాత్రం అడిగింది.

మెకానిక్ సర్టిఫికెట్ వచ్చింది. ఇక మిగిలింది ఆఫీసు పరీక్ష. ఆ ఇన్‌స్పెక్టరు గారు నడివయసు మనిషి, ఇస్త్రీ నలగని ఖాకీ, తక్కువ మాటలు. కాగితాలు చూసి, "నేను కొత్తగా నేర్చుకుంటున్నాననుకో. నేర్పించు" అని స్టీరింగ్ ముందు కూర్చున్నారు. నేను ఆపా శిష్యురాలిని కదా. చెప్పులు విప్పి, కాళ్లు మడుచుకుని, బాసింపట్టు వేసుకుని దర్జాగా కూర్చున్నాను. ఆయన నా కాళ్ల వైపు ఒకసారి చూసి గేరు వేశారు. బండి కదిలింది. మలుపు దగ్గర ఆయన కావాలనే స్టీరింగ్ ఆలస్యంగా తిప్పి, యాక్సిలరేటర్ మీద కాలుంచేశారు. "కాలు తీయండి సార్. బ్రేకు. బ్రేకు!" అన్నాను. ఆయన వినలేదు. నా కాళ్లు తొడల కింద ఇరుక్కుని ఉన్నాయి. అవి విడదీసుకుని కిందికి దించేలోగా బండి వెళ్లి హద్దుకు పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్మును పడగొట్టింది.

ఆయన ఇంజను ఆపి, నెమ్మదిగా, "ఆ డ్రమ్ము స్థానంలో చిన్నపిల్ల ఉంటే?" అన్నారు. "పక్క బ్రేకు ఎందుకు పెట్టారమ్మా? కాళ్లు మడిచి పూజ చేసుకోవడానికా? ఫెయిల్."

తిరుగు దారిలో నేను ఆపా మీద విరుచుకుపడ్డాను. "మీ మొండితనం వల్లే. ఊళ్లో ఎవ్వరూ కాళ్లు మడుచుకుని నేర్పరు. ఆయన అడిగింది న్యాయమే" అన్నాను. నడుపుతున్నది ఆపాయే. ఇస్నాపూర్ దగ్గర లారీ ఒకటి అడ్డం వస్తే తిట్టను కూడా తిట్టలేదు, దాంతో నాకు భయం వేసింది. చాయ్ దుకాణం దగ్గర ఆపి, గ్లాసు చేతిలోకి తీసుకుని, చుట్టూ పది మాటలు తిప్పకుండా సూటిగా అంది.

"గా సారు సక్కగనే అన్నడు. తప్పు నాది. కాళ్లు ముడుసుకుంటే తొక్కకుండ ఉండుడు అల్కగ ఉంటది, అందుకే ముడుసుకున్న నేను. కాలు కిందుండాలె. బ్రేకు మీద గాదు, బ్రేకు దగ్గర. గాడ పెట్టుకోని తొక్కకుండ ఉండాలె. గది కష్టం. రేపటి సంది గదే నేర్చుకుందం, ఇద్దరం."

ఇన్నేళ్ల పద్ధతిని ఒక గ్లాసు చాయ్ చల్లారేలోగా మార్చుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆమె మీద ప్రేమ పుట్టింది ఆ చాయ్ దుకాణం దగ్గరే.

ఫెయిలైన సంగతి ఆఫీసు గేటు దాటకముందే అక్కడ లంచాలతో పనులు చేయించే ఒక ఏజెంటుకు తెలిసిపోయింది. మర్నాడు మడిగకు వచ్చి కూర్చున్నాడు. "ఆపా, ఎందుకు పరేషాన్ అయితవ్? గడువు నెత్తి మీదున్నది. నేను లోపల మాట్లాడుత. ఈ అమ్మ పరీక్షకు రాకున్నా నడుస్తది" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నా ప్రాణం కొంచెం లేచొచ్చింది. మళ్లీ ఆ సీట్లో కూర్చోవాల్సిన పని ఉండదు. ఆపా అతని ముందు చాయ్ పెట్టింది. "నీ కాళ్లతోని పాసయితే, రేపు పిల్లలకు నేర్పెటప్పుడు కూడ నువ్వే వస్తవా? ఈ సీట్ల నువ్వే కూసుంటవా?" అంది. "స్కూల్ బంద్ అయితది ఆపా" అన్నాడతను. "కానియ్. బంద్ చేసి అటుకులు, మరమరాలు అమ్ముకుంట. అవైనా మంచియి అమ్ముత" అని లేచి నిలబడింది. అతను చాయ్ తాగకుండానే పోయాడు.

తర్వాత రోజుల్లో సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కు వైపు సెలవు దినాల్లో ఖాళీగా ఉండే రోడ్ల మీద మా సాధన సాగింది. స్టీరింగ్ ముందు ఆపా శిష్యురాలు, పక్క సీట్లో నేను గురువు. అంతకన్నా చెడ్డ శిష్యురాలు భూమ్మీద పుట్టదు. ఒకరోజు అత్తగారికి భయపడే కొత్తకోడలు అయ్యేది, గేరు ముట్టుకోమంటే కొంగు నోట్లో కుక్కుకునేది. ఇంకోరోజు రిటైరైన పెద్ద ఆఫీసరు, "నాకు అన్నీ తెలుసమ్మా, మీరు ఊరికే కూర్చోండి" అని నా యాసలోనే వెక్కిరిస్తూ బండిని డివైడరు మీదికి తోలేది. నేను తొందరపడి పక్క బ్రేకు తొక్కితే, "ఎవలు తొక్కమన్నరు? ఇంక జాగ ఉన్నది గద" అని అరిచేది. తొక్కాల్సిన చోట తొక్కకపోతే అంతకంటే గట్టిగా అరిచేది. బ్రేకుకు అంగుళం పైన కాలు నిలిపి, తొక్కకుండా, మాటతో బండిని ఆపించడం. సాయంత్రానికి పిక్కలు బిగుసుకుపోయేవి. ఇంటికెళ్లి మెట్లెక్కలేక గోడ పట్టుకుంటే అమ్మ, "ఇంతకీ నేర్పేది నువ్వా, నేర్చుకునేది నువ్వా?" అని అడిగేది.

గడువు ఇంకా కొద్ది రోజులుందనగా రెండోసారి పరీక్షకు వెళ్లాను. మళ్లీ ఆయనే. ఈసారి నా కాళ్లు కిందే ఉన్నాయి. ఆయన మళ్లీ చూశారు. "రోడ్డు మీదికి పోదాం" అని ఆఫీసు గేటు దాటించారు. ఎంతోదూరం పోలేదు, రాంగ్ రూటులో ఒక మోటారు సైకిలతను లారీ చాటునుంచి మా ముందుకు దూసుకొచ్చాడు. ఆయన నిజంగానే చూడలేదు. నా కాలు బ్రేకును నేలకు అదిమేసింది. కారు ఊగి ఆగింది. ఆయన టోపీ ఒళ్లో పడింది. టోపీ సర్దుకుని, బండి తిప్పి లోపల ట్రాకు మీది ఎత్తు దగ్గరికి తెచ్చారు. ఎత్తు మధ్యలో ఆపి, రెండు కాళ్లూ తీసేశారు. బండి వెనక్కి జారడం మొదలైంది.

అద్దంలో చూశాను. వెనక ఎవరూ లేరు, ట్రాకంతా ఖాళీ. కాలు బ్రేకు దగ్గర పెట్టుకున్నాను, తొక్కలేదు. "సార్, కుడి కాలు బ్రేకు మీద" అన్నాను. ఆయన కదల్లేదు. ఎదురుగా చూస్తూ, నేను ఎప్పుడు తొక్కుతానా అని ఎదురుచూస్తున్నారు. "సార్, కుడి కాలు." బండి జారుతోంది. ఇంకా జాగా ఉంది. అప్పుడు నాకు తెలియకుండానే, పటాన్‌చెరు అంగట్లో వినిపించేంత గొంతుతో, "తొక్కండి!" అని అరిచాను. ఆయన ఉలిక్కిపడి తొక్కేశారు. బండి ఆగింది.

"నా మీద అరిచావు" అన్నారు.

"నేర్చుకునేవాళ్లు వినకపోతే అరుస్తాం సార్."

"రోడ్డు మీద తొక్కావు. ఇక్కడెందుకు తొక్కలేదు?"

"అక్కడ మనిషి ఉన్నాడు సార్. ఇక్కడ ఖాళీ ఉంది. ఖాళీ ఉన్నంతసేపు మీ తప్పు మీరే దిద్దుకోవాలి. నేను దిద్దితే రేపు మీ బండి మీ గేటునే గుద్దుతుంది."

ఆయన నవ్వారో లేదో ఇప్పటికీ చెప్పలేను. మీసం కొంచెం కదిలింది. "దిగు. పాస్" అన్నారు. బయట ఆపా నా మొహం చూసి విషయం గ్రహించి, అక్కడే, ఆఫీసు ముందు, అంతమంది ఏజెంట్ల మధ్య, కారు హారన్ మీద చెయ్యి పెట్టి తీయకుండా మోగించింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి తిడితే, "కేసు రాసుకో" అంది.

స్కూలు నిలబడింది. బోర్డు మీద ఇబ్రహీం సాబ్ పేరు కింద నా పేరు ఎక్కింది. కొన్నాళ్లు "ఆడ మాస్టర్" అని వెక్కిరించారు. తర్వాత కాజీపల్లి, సుల్తాన్‌పూర్ కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్లు షిఫ్టు దిగి నేరుగా మా మడిగకు రావడం మొదలయ్యాక వెక్కిరింపులు వాటంతటవే ఆగిపోయాయి. ఆపాకు అది చాల్లేదు. ఒకరోజు బోర్డు వైపు చూసి, "నీ కింద ఇంకో పేరు పట్టెంత జాగ ఉన్నది" అంది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. కూతుళ్లు సిగ్గుపడ్డారు, అల్లుళ్లు నవ్వారు. నేను కారు బానెట్టు మీద పుస్తకం పెట్టి లెక్కలు చెప్పేదాన్ని. వర్గ సమీకరణాలు ఆమెకు ఎంతకీ కొరుకుడు పడేవి కావు. "ఇంత మెలికలు తిరిగిన రోడ్డు ఎవడేసిండు?" అని విసుక్కునేది. అన్నీ పాసైంది, లెక్కల్లో తప్పింది. పరీక్ష హాల్లో పక్క బెంచీలో అమ్మాయి, పెద్దావిడ కదా అని జాలిపడి జవాబులున్న చీటీ జరిపిందట, ఆపా దాన్ని వెనక్కి జరిపేసిందట. విని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తీసుకుంటే ఏం పోయేదాపా? ఎవరికి నష్టం?" అని గట్టిగానే అడిగాను.

"ఫెయిలైతే అది గూడ నాదే ఉండాలె బేటీ. పూరా నాదే. గది గూడ వాళ్లకిస్తే నాకేం మిగుల్తది?" అంది, వక్కపలుకు బుగ్గ మార్చుకుంటూ.

మళ్లీ రాసింది, మళ్లీ తప్పింది. మూడోసారికి పుస్తకాలు తెచ్చుకున్న నెలలోనే గుండె ఆగిపోయింది. నేను చాలా ఏడ్చాను. ఏడుస్తూనే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. చుట్టాలూ శిష్యులూ వచ్చి, "గౌరవంగా ఉంటది, శిక్షకురాలని ఆపా పేరు బోర్డు మీద రాయించండి" అన్నారు. నేను రాయించలేదు. పాసవకుండా పేరెక్కిస్తే ఆపానే వచ్చి బోర్డు పీకేసేది. నా పేరు కింద ఆ జాగా ఖాళీగానే ఉంచాను. ఎవరు అడిగినా, ఆమె గెలవలేదనీ, ఇంకొకరి కాళ్లతో నడవలేదనీ చెబుతాను. రెండూ ఒకే గొంతుతో చెబుతాను. ఎందుకంటే నాకు ఆ రెండిట్లో ఏదీ తక్కువ కాదు.

ఇప్పుడు మా దగ్గర నేర్చుకుని తామే నేర్పాలనుకునే ఆడవాళ్లు వస్తున్నారు. కాజీపల్లి కంపెనీలో పనిచేసే కవిత వాళ్లలో ఒకతి. మెకానిక్ పరీక్ష దాటింది. పోయిన వారం ఆఫీసు పరీక్షలో, తొక్కాల్సిన అవసరం లేని చోట భయపడి పక్క బ్రేకు తొక్కి తప్పింది. ఇంటికి చేరకముందే ఏజెంటు ఫోన్ చేశాడట. పేర్లు మారాయి, మాటలు మారలేదు. ఆమె మడిగలోకి వచ్చి తల వంచుకుని, "మా ఆయన ఒప్పుకొమ్మంటున్నడు మేడమ్. ఇంకోసారి పోయి ఇజ్జత్ తీసుకునుడు ఎందుకంటున్నడు" అంది.

"తప్పింది ఎవరు కవితా?" అన్నాను.

"నేనే."

"ఇన్‌స్పెక్టరు కాదా? బండి కాదా? నేను కాదా?"

ఆమె తలెత్తింది. ఓదారుస్తానని వచ్చినట్టుంది, ఓదార్పు దొరక్క మొహం ఎర్రబడింది. "నేనే అంటున్న గద మేడమ్, ఎన్నిసార్లు అడుగుతరు? భయమైంది, తొక్కిన. నా కాలే తొక్కింది" అంది, కసురుకున్నట్టుగా.

ఆ కసురు నాకు పాయసమంత తియ్యగా ఉంది. ఏజెంటు నంబరు ఆమె చేతే ఫోన్లోంచి తీసేయించాను. "పద" అని లేచి, కారు తాళం తీసి, ఆమెను ఎడమ సీట్లోకి ఎక్కమని, శిష్యురాలి సీట్లో నేను కూర్చున్నాను.